పద్దెనిమిది నిండే తేదీ మీ రిజిస్టర్లలోనే ఉంది

నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాల కలెక్టర్లకు నమస్కారం.

ఏ మండల కేంద్రంలోనైనా, వైకల్యం ఉన్న పిల్లలకు చదువు, థెరపీ అందించే భవిత సెంటర్‌కు వెళ్లి హాజరు రిజిస్టర్ తెరవండి. పేరు, ఊరు, వైకల్యం, పుట్టిన తేదీ వరుసగా రాసి ఉంటాయి. ఆ పుట్టిన తేదీకి పద్దెనిమిదేళ్లు కలపండి. వచ్చిన తేదీన ఆ పిల్లకు భవిత సెంటర్ బంద్. ఇంటికొచ్చి నేర్పే టీచర్ ఇక రారు, ఫిజియోథెరపిస్టు జాబితాలో పేరుండదు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కూడా 18తోనే ఆగుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 31వ సెక్షన్‌లో ఉచిత విద్య హక్కును 6 నుంచి 18 ఏళ్ల వరకే చెప్పింది. అదే రోజున తల్లిదండ్రులకు ఆ బిడ్డ తరఫున సంతకం పెట్టే అధికారమూ పోతుంది. బిడ్డ మాత్రం నిన్న ఎట్లా ఉన్నాడో ఇవాళా అట్లాగే ఉంటాడు. అన్నం కలిపి పెట్టాలి, ఫిట్స్ మాత్ర టైముకు వేయాలి, ఇంట్లో ఒకరు పక్కనే ఉండాలి.

మేము ఈ జిల్లాల్లో మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలతో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులం, థెరపిస్టులం. పద్దెనిమిదికి కావలసిన ఏర్పాటు పద్నాలుగో ఏటనే మొదలుపెట్టించండి అని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాం. మీకే ఎందుకంటే, ఈ పిల్లల పని విద్యాశాఖ, వైద్యశాఖ, సంక్షేమ శాఖ, డీఆర్‌డీఏ (జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ), రెవెన్యూ అనే ఐదు చోట్ల ముక్కలై ఉంది. ఐదింటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగిన కుర్చీ జిల్లాలో ఒక్కటే.

మొదటి పని జాబితా. భవిత రిజిస్టర్ ఒక్కటే సరిపోదు. అసలు బడికే రాని పిల్లలు అందులో ఉండరు, కానీ చేయూత పింఛన్ జాబితాలో ఉంటారు. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి, 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను ఏరండి. పింఛన్‌లో ఉండి భవితలో లేని ప్రతి పేరూ ఇంట్లో గడుపుతున్న ఒక పిల్ల లేదా పిల్లగాడు. పాలమూరు వైపు వలస పోయిన ఇళ్లలో ముసలమ్మ దగ్గర వదిలేసిన వాళ్లు, నల్లమల అడవిలోని పెంటల్లో (చిన్న గూడేల్లో) ఉండే చెంచు పిల్లలు, చందంపేట, డిండి తండాల పిల్లలు ఎక్కువగా దొరికేది ఈ రెండో వరుసలోనే. రెండింటిలోనూ లేని వాళ్లను ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ చెప్పగలరు.

జాబితాలోని ప్రతి ఒక్కరికీ ఒక పేజీ రాయించండి. ఒక్క పేజీనే, పది పేజీల ఫారం వద్దు. అవసరం ఎట్లా తెలుపుతాడు: మాటతోనా, సైగతోనా, బొమ్మ చూపించా. స్నానం, బట్టలు, మరుగుదొడ్డి తనకు తానుగా ఎంతవరకు. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళ. ఏ శబ్దానికి, ఏ చోటికి బెదురుతాడు. తల్లిదండ్రుల తర్వాత ఇంట్లో ఎవరున్నారు. భూమి ఉందా. చివర్లో, అతనికి ఏం చేయడం ఇష్టం. ఈ ఆఖరి గడిని ఖాళీగా వదలనివ్వకండి. మాటలు రాని పిల్లలకు కూడా ఇష్టాలుంటాయి. రెండు వస్తువులు ముందు పెట్టి ఏది ముట్టుకుంటాడో చూస్తే చాలు.

ఇక కాగితాలు. పదిహేనేళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాప మళ్లీ ఇవ్వాలి. 15 నుంచి 17 ఏళ్ల మధ్య ఇది ఉచితం. ఇది చేయించకపోతే దెబ్బ ఎక్కడ తగులుతుందో పోస్టాఫీసు అరుగు మీద కనిపిస్తుంది. వేలిముద్ర అడిగే చోట చిన్నప్పటి ముద్ర ఇప్పటి వేలికి కలవదు, మిషన్ ఎర్ర లైటు చూపిస్తుంది, నెలకు 4,016 రూపాయల పింఛన్ రాకుండా ఆగుతుంది. చేయి బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ పిల్లల దగ్గర ఆపరేటర్లు చేసే పొరపాటు ఒకటుంది. పిడికిలి తెరవడానికి వేళ్లు పట్టుకుని లాగుతారు. లాగిన కొద్దీ కండరం ఇంకా బిగుస్తుంది, పిల్లవాడు ఏడుస్తాడు, పని ఆగిపోతుంది. మణికట్టును మెల్లగా లోపలికి, అరచేతి వైపుకు వంచి పట్టుకోండి. వేళ్లు వాటంతట అవే వదులవుతాయి. ముందుగా పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో చేయి ఉంచితే ఇంకా సులువు. ఆటిజం ఉన్న పిల్లలు కళ్ల దగ్గరికి వచ్చే పరికరాన్ని చూసి పారిపోతారు. ఒకరోజు ముందు తీసుకొచ్చి ఊరికే చూపించి, పట్టుకోనిచ్చి పంపితే మర్నాడు కూర్చుంటారు. ఎంత చేసినా ముద్ర పడని వాళ్లకు బయోమెట్రిక్ మినహాయింపుతో నమోదు చేసే వీలు ఆధార్‌లోనే ఉంది. ఆపరేటర్లకు ఆ సంగతి మీ తరఫున ఒక లేఖలో తెలియాలి. ఆధార్ కిట్ భవిత సెంటర్‌కే రావాలి. మీసేవ మెట్లెక్కలేని పిల్లలను అక్కడిదాకా మోసుకు పొమ్మనడం న్యాయం కాదు.

వైకల్య సర్టిఫికెట్ కూడా అప్పుడే చూడాలి. చాలామంది పిల్లల సర్టిఫికెట్ల మీద గడువు తేదీ ఉంటుంది. పింఛన్ ఆగాకే ఇంట్లో ఆ తేదీ చదువుతారు. మేధో వైకల్యం పరీక్ష ఐదు నిమిషాల పని కాదు. సైకాలజిస్టు ఉన్న రోజే, పద్దెనిమిదికి దగ్గరైన వాళ్లకు విడిగా టోకెన్లు ఇచ్చి క్యాంపు పెట్టించండి. ఎముకల వైకల్యాల వరుసలోనే వీళ్లనూ నిలబెడితే పొద్దుటి నుంచి కూర్చున్న పిల్లవాడు మధ్యాహ్నానికి విసిగిపోతాడు. విసిగిన పిల్లవాడికి చేసిన పరీక్ష సరిగా రాదు.

గార్డియన్‌షిప్ గురించి, అంటే పద్దెనిమిది దాటిన వాళ్ల తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం గురించి, కొంచెం ఎక్కువగా రాయాలి, ఎందుకంటే ఇక్కడ అధికారం నేరుగా మీ చేతిలో ఉంది. నేషనల్ ట్రస్ట్ అంటే ఈ వైకల్యాలున్న వాళ్ల కోసం కేంద్రం పెట్టిన సంస్థ. దాని 1999 చట్టం 13వ సెక్షన్ ప్రకారం గార్డియన్‌ను నియమించే జిల్లా స్థాయి కమిటీ, అంటే లోకల్ లెవెల్ కమిటీ, ఏర్పడుతుంది. కలెక్టర్, నమోదైన సంస్థ ప్రతినిధి ఒకరు, దివ్యాంగులు ఒకరు అందులో ఉంటారు. మూడు నెలలకు ఒక్కసారైనా కూర్చోవాలని చట్టం. కమిటీ గడువు మూడేళ్లు. ఆగేది సరిగ్గా ఈ మూడు చోట్లే. గడువు ముగిసినా మళ్లీ వేయించాలన్న గుర్తు ఉండదు. కొత్త జిల్లాల్లో నేషనల్ ట్రస్ట్ దగ్గర నమోదైన సంస్థ లేక సభ్యుడి కుర్చీ ఖాళీ. నాలుగు దరఖాస్తులకు మీటింగ్ ఎందుకని ఫైలు పక్కన పెట్టడం. దరఖాస్తులు నాలుగే రావడానికి కారణం జనానికి తెలియకపోవడం. అమ్మానాయినలమైన మాకు వేరే కాగితం ఎందుకని అనుకుంటారు. పద్దెనిమిది దాటాక బ్యాంకులో "ఖాతాదారే సంతకం పెట్టాలి" అన్నప్పుడు గాని తెలియదు.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. వైకల్యం ఉంటే చాలు, గార్డియన్‌ను వేసేయడం. అదే చట్టం 14వ సెక్షన్ కమిటీని రెండు ప్రశ్నలు వేసుకోమంటుంది: ఈ మనిషికి గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏ పనులకు. డబ్బు గుర్తుపట్టి, కిరాణా కొట్టుకు పోయి వచ్చే అమ్మాయికి భూమి వ్యవహారంలో మాత్రమే తోడు కావాలేమో. ఆమె జీతం ఖాతా ఆమెదే. 2016 చట్టం కూడా 14వ సెక్షన్‌లో పరిమిత గార్డియన్‌షిప్‌నే చెప్పింది: ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఇద్దరూ కలిసి. కమిటీ ముందుకు వచ్చిన ప్రతిసారీ ఆ యువకుడిని, ఆ యువతిని నేరుగా అడగండి. మా తోటి టీచర్ ఒకరు పక్కన కూర్చుంటే వాళ్ల సైగ మీకు అర్థమయ్యేలా చెబుతారు.

సర్టిఫికెట్ ఇచ్చే రోజున చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. నియమితులైన ఆరు నెలల్లో గార్డియన్ ఆస్తుల జాబితా ఇవ్వాలి. ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లో లెక్క చూపాలి. ఇది చట్టంలోనే ఉంది, కాని తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇస్తేనే పాటిస్తారు. ఇంకొకటి. తల్లిదండ్రులే గార్డియన్లయితే, వాళ్లూ వయసు మళ్లుతున్న వాళ్లే. వాళ్ల తర్వాత ఎవరు అన్నది ఇప్పుడే, ఆ వ్యక్తిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడి రాసుకోవాలి. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఎంతవరకు చేయగలరో వాళ్ల నోటనే వినాలి. మొహమాటంతో తలూపిన వాళ్లు పదేళ్ల తర్వాత చేతులెత్తేస్తారు.

భూమి దగ్గర మరీ జాగ్రత్త కావాలి. తండ్రి చనిపోయాక విరాసత్ (వారసుల పేరుకు భూమి మార్చడం) చేసేటప్పుడు ఈ కొడుకు వేలిముద్ర ఒకటి వేయించుకుని వాటా ఎగ్గొట్టడం తేలిక. వారసుల్లో మేధో వైకల్యం ఉన్న వ్యక్తి ఉన్నారా అని తహసీల్దార్ రాతపూర్వకంగా అడగాలి. ఉంటే, గార్డియన్ వచ్చేదాకా ఆ వాటాను ఎవరి పేరుకూ మార్చకూడదు. రైతు బీమా నామినీ సంగతీ అంతే. బిడ్డ మీద ప్రేమతో తండ్రి అతని పేరే రాస్తాడు. గార్డియన్ లేకపోతే 5 లక్షలు వచ్చాక తీసుకునే దారి ఉండదు. ఏఈఓలు (వ్యవసాయ విస్తరణ అధికారులు) నామినీ పేరు రాసేటప్పుడే ఈ మాట చెప్పాలి. బ్యాంకుల విషయంలో మీరు లీడ్ బ్యాంక్ మేనేజర్‌కు ఒక్క మాట చెప్పాలి: లోకల్ లెవెల్ కమిటీ ఇచ్చిన గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ మీద ఖాతా తెరవమని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది, కోర్టు కాగితం తెమ్మని తిప్పవద్దని. కమిటీ మీటింగులు అచ్చంపేట, దేవరకొండ లాంటి డివిజన్ కేంద్రాల్లో కూడా జరిగితే, ఒకరోజు కూలీ, ఆటో కిరాయి మిగులుతాయి.

వైద్యం దగ్గర చేతులు మారేటప్పుడు ప్రమాదం జరుగుతుంది. ఫిట్స్ మందు మోతాదు పిల్లవాడి బరువును బట్టి ఉంటుంది. 25 కిలోల బరువున్నప్పుడు రాసిన చీటీనే 45 కిలోలప్పుడూ వాడుతుంటారు. ఫిట్స్ పెరిగితే మందు పనిచేయట్లేదని ఉన్నట్టుండి మానేస్తారు. అట్లా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పిల్లల విభాగంలో సిరప్ ఇచ్చేవారు, పెద్దల ఓపీకి మారగానే మాత్ర ఇస్తారు. మింగలేని పిల్లలకు తల్లి ఆ మాత్రను నూరి అన్నంలో కలుపుతుంది. నెమ్మదిగా కరిగేలా తయారైన మాత్రను నూరితే రోజంతా అందాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. ఫార్మసిస్టు "మింగగలడా?" అని ఒక్క మాట అడిగితే ఇది తప్పుతుంది. ఆడపిల్లలు ఎదిగాక వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు కొనసాగించాలా అన్నది డాక్టర్‌తో తప్పక మాట్లాడాలి. గర్భంలో బిడ్డకు ఆ మందు హాని చేస్తుంది. అందుకే 17వ ఏట పిల్లల డాక్టర్, పెద్దల డాక్టర్ ఒకే రోజు ఒకే గదిలో చూసేలా జిల్లా ఆసుపత్రిలో నెలకో పూట కేటాయించండి. నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా కూడా ఆ పూటే రాయించవచ్చు. ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులతో సహా ఇస్తుంది. మార్చి 31 లోపు రెన్యువల్ చేయించకపోతే పోతుంది, ఎక్కువమంది పోగొట్టుకునేది అట్లాగే. చక్రాల కుర్చీ కొలతలు కూడా మళ్లీ తీయాలి. పదేళ్లప్పటి కుర్చీలో పదహారేళ్ల ఒళ్లు కుక్కితే వెన్ను వంకర పోతుంది.

ఆడపిల్లల గురించి. నెలసరి చూసుకోవడం నేర్పలేమన్న భయంతో గర్భసంచి తీయించమని కొందరు సలహా ఇస్తారు. ఆమె ఇష్టపూర్వక అంగీకారం లేకుండా సంతానం లేకుండా చేసే ఏ వైద్యమూ చేయరాదని 2016 చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. నేర్పవచ్చు. నెలసరి రాకముందే, నెలల తరబడి, లోదుస్తు మీద ప్యాడ్ ఆకారంలో దారంతో గీత కుట్టి, ఆ గీతలో అతికించడం రోజూ ఆటలా చేయిస్తే చాలామంది నేర్చుకుంటారు. లైంగిక దాడి జరిగితే బాధితురాలి ఫిర్యాదును ఆమె ఇంటి దగ్గరగాని ఆమె కోరిన అనువైన చోటగాని, ప్రత్యేక ఉపాధ్యాయురాలు లేదా దుబాసీ సమక్షంలో, వీడియో తీస్తూ నమోదు చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతి చట్టం) 173వ సెక్షన్‌లో ఉంది. ప్రతి ఠాణాలో దగ్గరి ప్రత్యేక ఉపాధ్యాయుల ఫోన్ నంబర్లు గోడ మీద ఉండాలి.

ఇప్పుడు పని. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో ఒక శాతం మేధో వైకల్యం, ఆటిజం, బహుళ వైకల్యాలు వంటి వర్గాలకు ఉంది, సెరిబ్రల్ పాల్సీ కదలిక వైకల్యాల శాతంలో వస్తుంది, మంచిదే. మా పిల్లల్లో ఎక్కువమందికి దారి మాత్రం ఊళ్లోనే దొరకాలి. శిక్షణ అనగానే కొవ్వొత్తులు, ఫినాయిల్, కాగితం కవర్లు నేర్పుతారు. ఎగ్జిబిషన్ రోజున అతిథులు కొంటారు, మర్నాటి నుంచి కొనేవాళ్లు ఉండరు. ఊళ్లో ఇప్పటికే రోజూ జరిగే పనిలోంచి ఒక ముక్క తీసి నేర్పాలి. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి మగ్గాల దగ్గర కండెలు చుట్టడం. అచ్చంపేట వైపు మోదుగాకు విస్తర్లు. పల్లికాయలో పుచ్చులు ఏరడం. ఇవన్నీ ఒకే చేతివాటం వందసార్లు చేసే పనులు. మిగతావాళ్లకు విసుగు పుట్టించే ఆ మళ్లీ మళ్లీ చేయడమే మా పిల్లల్లో చాలామందికి హాయి.

అన్నింటికన్నా మేము గట్టిగా అడిగేది గ్రామ పంచాయతీ నర్సరీ. సంచుల్లో మట్టి నింపడం అనే పనిని దగ్గరగా చూడండి. సంచి తీయాలి, నోరు తెరవాలి, పట్టుకోవాలి, మట్టి పోయాలి, తట్టాలి, వరుసలో నిలబెట్టాలి. ఆరు అడుగుల్లో మా పిల్లలు ఆగిపోయేది రెండో అడుగు దగ్గర. అతుక్కుపోయిన ప్లాస్టిక్ సంచి నోరు వేళ్లతో విడదీయడం వాళ్లకు చాలా కష్టం. దీనికి మందు ఒక పైపు ముక్క. 5 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవు సంచికి 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు అడుగు పొడవున కోసి, అంచు నున్నగా రాయండి, లేకపోతే సంచి చిరుగుతుంది. టీచరో తోటి కూలీయో ఇరవై పైపులకు సంచులు ముందే తొడిగి పెడతారు. పిల్లవాడు పైపులోంచి మూడు చిప్పలు మట్టి పోసి, నేల మీద రెండుసార్లు తట్టి, పైపు పైకి లాగి, ఇంకో చిప్ప పోస్తే సంచి నిండుతుంది. లెక్కపెట్టడం రాకపోయినా పర్వాలేదు. పది గడుల చెక్క ఫ్రేమ్ ఇవ్వండి. గడులన్నీ నిండితే పది అయినట్టే.

నేర్పేది చివరి అడుగు నుంచి వెనక్కి. మొదట్లో పిల్లవాడు నిండిన సంచిని గడిలో పెట్టడం మాత్రమే చేస్తాడు, మిగతాదంతా టీచర్ చేస్తారు. పని పూర్తయిన సంతోషం ప్రతిసారీ అతనికే దక్కుతుంది. అది వరుసగా ఐదు రోజులు తోడు లేకుండా వచ్చాక, దాని ముందరి అడుగు కలపాలి. చేయి పట్టి చేయించడం, తర్వాత మోచేతి దగ్గర తాకడం, తర్వాత వేలుతో చూపడం, తర్వాత ఏమీ లేకుండా. తాకడం మానకపోతే పిల్లవాడు ఆ తాకిడి కోసమే ఆగి కూర్చుంటాడు, పని వచ్చినా చేయడు. ఒక్క అడుగుకు నెల పట్టవచ్చు. పద్నాలుగో ఏట మొదలుపెట్టమని మేము పట్టుబట్టేది ఇందుకే. మొదట రోజుకు రెండు గంటలు చాలు. కూలీ మొదటి రోజు నుంచే ఇవ్వాలి, అతని ఖాతాలోనే పడాలి. "నేర్చుకుంటున్నాడు కదా" అని నెలల తరబడి ఊరికే చేయించుకోవడం దోపిడీ. 2016 చట్టం 37వ సెక్షన్ పేదరిక నిర్మూలన, అభివృద్ధి పథకాల్లో దివ్యాంగులకు 5 శాతం కేటాయించమంది. నర్సరీలతో మొదలుపెట్టండి.

ఏ పనీ చేయలేని వాళ్లూ ఉంటారు. వాళ్లకు పగలు ఉండే చోటు కావాలి. పత్తి ఏరే కాలంలో కూలీల ఆటో పొద్దున 8కి పోతుంది, సాయంత్రం 6కు వస్తుంది. అంతసేపూ బయట గొళ్లెం పెట్టి, లోపల గిన్నెలో అన్నం, చెంబుతో నీళ్లు పెట్టి పోయే ఇళ్లు ఉన్నాయి. ఆ తల్లిని తప్పుపట్టకండి, ఆమెకు వేరే తొవ్వ లేదు. ఒంటిగంటకు మూసే సెంటర్ ఆమెకు పనికిరాదు, సగం రోజుకు ఎవరూ కూలీకి పిలవరు. నేషనల్ ట్రస్ట్ వికాస్ పథకం పదేళ్లు దాటిన వాళ్లకు రోజుకు కనీసం 6 గంటల పగటి సంరక్షణ అంది. మన దగ్గర అక్టోబర్ నుంచి జనవరి దాకా పది గంటలు ఉండాలి. కొత్త భవనం అక్కర్లేదు. పిల్లలు లేక మూతబడ్డ బడులు ఉన్నాయి. పదిహేను మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు, ఇద్దరు ఆయాలు, ఒక ఆటో. పెద్ద ఒళ్లకు బట్టలు మార్చడానికి నడుమెత్తు బల్ల తప్పనిసరి. నేల మీద వంగి మార్చే ఆయాలు నడుము నొప్పితో ఏడాది తిరక్కుండానే మానేస్తారు, సెంటర్ మూతపడుతుంది. ఆటో ఖర్చు బడ్జెట్‌లో రాయకపోయినా అంతే.

నెలకో తేదీ పెట్టండి. ఒక సోమవారం ప్రజావాణి ముగిశాక రెండు గంటలు, ఐదు శాఖల వాళ్లూ, ఆ నెలలో 14, 15, 17 నిండుతున్న పేర్లతో. మొదటి జాబితా తయారు కావడానికి ఒక్కో మండలానికి కావలసింది రెండు రిజిస్టర్లు, ఒక ఆపరేటర్, ఒక రోజు. ఏ మండలంతో మొదలుపెడతారో చెప్పండి. ఆ రోజు మేము వచ్చి ఆపరేటర్ పక్కన కూర్చుంటాం.

ఇట్లు,
దక్షిణ తెలంగాణ జిల్లాల ప్రత్యేక ఉపాధ్యాయులు, థెరపిస్టులు